యంత్రం కనపడలేదు!

పిల్లలూ! కథ మంచి పట్టులో ఉండగా బడిగంట కొట్టేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా? నేను ఏడో తరగతిలో ఉండగా నాకు అలా జరిగింది.

ఆ రోజు మా సైన్సు మాష్టారు పాఠం ముందే ముగించి, ఎచ్. జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1895లో ప్రచురించిన కాలయంత్రం కథ ఎత్తుకున్నారు. ఒక శాస్త్రజ్ఞుడు కాలంలో ప్రయాణం చేసే యంత్రం తయారుచేశాడు. దానిమీద కూర్చుని మీట నొక్కేసరికి పగళ్ళూ రాత్రులూ రెప్పలు కొట్టినట్టు గడిచిపోయాయి. ఆఖరుకు అతను 8,02,701వ సంవత్సరంలో దిగాడు! అక్కడి మనుషులు చిన్నపిల్లలంత ఉన్నారు. పళ్ళు తింటారు, ఆడుకుంటారు, పని అన్నది ఎరగరు. శాస్త్రజ్ఞుడు యంత్రం మీటలు ఊడదీసి జేబులో వేసుకుని, ఆ చోటు చూడబోయాడు. తిరిగి వచ్చేసరికి యంత్రం లేదు!

గంట కొట్టారు.

మర్నాటినుంచి మాష్టారికి జ్వరం. మూడు రోజులు బడికి రాలేదు. ఆ మూడు రాత్రులూ నాకు నిద్ర లేదు. నా దిగులు శాస్త్రజ్ఞుడి కోసం కాదు లెండి. ఆ వేసవిలోనే మా నాయనమ్మ పోయింది. నేను మామయ్యగారి ఊళ్ళో ఉండటంవల్ల నాకు ఆఖరుచూపు దక్కలేదు. ఆ యంత్రమే ఉంటే వెనక్కు వెళ్ళి, ఒక్క పూట ఆమె దగ్గిర కూర్చోవచ్చునని నా ఆశ.

నాలుగోనాడు మాష్టారు వచ్చారు. భూమికింద చీకట్లో బతికే మార్లాకులు యంత్రాన్ని ఒక తెల్లటి విగ్రహం పీఠంలో దాచారట. శాస్త్రజ్ఞుడు దాన్ని ఎలాగో దక్కించుకున్నాడు. కాని, తాను ఏటిలోంచి కాపాడిన వీనా అనే పిల్లను పోగొట్టుకున్నాడు. ఆమె అతని జేబులో పెట్టిన తెల్లపూలు రెండు మాత్రం మిగిలాయి.

నేను లేచి, "యంత్రం ఉందిగదండీ! మళ్ళీ వెళ్ళి ఆ పిల్లను బతికించుకోరాదా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. మాష్టారు నవ్వలేదు. "అతను మళ్ళీ వెళ్ళాడురా. మూడేళ్ళయినా తిరిగి రాలేదు. ఎందుకు వెళ్ళాడో, ఏమో!" అన్నారు.

సాయంత్రం ఆయన నన్ను పిలిచారు. వేగంగా పోయేవాడి గడియారం నెమ్మదిగా నడుస్తుందని 1905లో ఐన్‌స్టయిన్ చెప్పాడట. 1971లో హేఫలె, కీటింగ్ అనేవాళ్ళు అణుగడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పి చూశారు. సెకనును వందకోట్ల పాళ్ళు చేస్తే, తూర్పుగా వెళ్ళిన గడియారాలు 59 పాళ్ళు వెనకబడ్డాయి. అంటే వాటితో వెళ్ళినవాళ్ళు ఆ కాస్త భవిష్యత్తులోకి దూకినట్టే! (పడమరగా వెళ్ళినవి ముందుకే పోయాయి. దానికి భూమి తిరగటమూ, విమానం ఎత్తూ కారణాలు.)

"మరి వెనక్కండీ?" అన్నాను.

"ఆ దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఎవరి కోసంరా?"

చెప్పాను. మాష్టారు కాసేపు ఊరుకుని, "మీ నాయనమ్మ చెప్పిన కథ ఒకటి చెప్పు, వింటాను," అన్నారు.

నేను రైవత మహారాజు కథ చెప్పాను. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగటానికి ఆయన బ్రహ్మలోకం వెళ్ళి, అక్కడ పాట ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపటిలో భూమిమీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. ఆ పాట దగ్గిరికి వచ్చేసరికి, నాకు తెలియకుండానే నేను నాయనమ్మలాగా గొంతు తగ్గించి చెపుతున్నాను.