గోడకు కుట్టిన పరుపు

పాల్కురికి సోమనాథుని పేరుతో లోకమెరిగిన పాలకుర్తిలో మా పెద్దలు దూది ఏకి, పరుపులు కుట్టి జీవించారు. మమ్మల్ని కొందరు నూర్‌బాషీయులంటారు, కొందరు దూదేకులవారంటారు. మా పాత పెంకుటింటిలో ఒక గది నిండా దూది బస్తాలు, కుట్టవలసిన పరుపులు ఉండేవి. ఫజర్ నమాజ్ అనంతరం అమ్మ ఆ గదిలోనే కూర్చుని ఖుర్ఆన్ పారాయణం చేసేది. ఆ పారాయణాన్ని మేము రెండు క్యాసెట్లలో భద్రపరచుకున్నాము.

అమ్మ మరణానంతరం స్లాబు ఇల్లు కట్టుకున్నాము. అందులో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిని వినడానికే కేటాయించాము. నేలకు టైల్స్, నున్నని గోడలు, గాజు కిటికీ, రెండు మంచి స్పీకర్లు. క్యాసెట్లలోని పారాయణాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నాయనను ఎంతో సంబరంగా కూర్చోబెట్టాము. ఆయన కొంతసేపు విని, చెవియంత్రం తీసి జేబులో వేసుకున్నారు.

"గొంతు మీ అమ్మదే బిడ్డా. మాట తెలుస్తలేదు" అన్నారు.

మేము శబ్దం పెంచాము. మాట తెలియలేదు సరికదా, తన పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తున్నదని పొరుగింటి ఇల్లాలు మెల్లగా చెప్పి వెళ్ళింది. పొరుగువారి హక్కుల గురించి పిల్లలకు బోధించే మేము తలదించుకున్నాము. నాయన ఆ గదిలోకి రావడం మానుకున్నారు.

లోపం స్పీకర్లలో లేదు, గదిలో ఉంది. గట్టి గోడలను తాకిన ధ్వని మళ్ళీ మళ్ళీ తిరిగివస్తుంది. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరాన్ని కప్పివేస్తుంది. చెవియంత్రం అసలు మాటతో పాటు ఆ ప్రతిధ్వనిని కూడా పెంచుతుంది. శబ్దం పెంచేకొద్దీ గందరగోళమే పెరుగుతుంది.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఇదే చిక్కు వచ్చింది. ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పలికిన మాట అయిదు సెకన్లకు పైగా మోగుతూ ఉండేది. వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రివేళల్లో పక్కనున్న నాటకశాల కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. నేటికీ గదుల ధ్వనిని లెక్కగట్టే సూత్రం ఆ మెత్తల నుండి పుట్టినదే. ఈ సంగతి చెప్పినప్పుడు నాయన చాలా రోజుల తర్వాత నవ్వారు. "అయితే ఆ దొర గూడ పరుపులే మోసిండన్న మాట!"

మొదట మేము అంగడిలో దొరికే పలుచని నురగ పలకలు కొని, రెండువైపులా అంటుకునే టేపుతో గోడకు అతికించాము. మూడవ రాత్రికే అవి రాలిపడ్డాయి. టేపు పట్టుకునేది గోడను కాదు, దాని పైనున్న రంగును. రంగు పొర ఊడితే పలకా ఊడుతుంది. పైగా పలుచని నురగ సన్నని ధ్వనులను మాత్రమే పీల్చుకుంటుంది, బరువైన ధ్వనులను వదిలివేస్తుంది.

అప్పుడు పెంకుటిల్లు గుర్తుకు వచ్చింది. అక్కడ అమ్మ మాట స్పష్టంగా వినిపించడానికి కారణం ఆ దూది బస్తాలే కదా! పాత పరుపు ఒకటి విప్పి, దూదిని మళ్ళీ ఏకించాము. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం గల ఆరు చెక్క చట్రాలు చేయించి, ఒక్కొక్కదానిలో సుమారు కిలోన్నర దూది నింపాము. నోటికి అడ్డంగా పెట్టుకుని ఊదితే గాలి సులభంగా దాటే నూలు గుడ్డను పైన బిగించాము. గాలి దాటని రెక్సిన్ అయితే ధ్వనిని వెనక్కే పంపుతుంది.

నాయన వచ్చి చట్రాన్ని నిలబెట్టి చూశారు. "పండబెట్టిన పరుపు వేరు, నిలబెట్టిన పరుపు వేరు. నెల తిరిగేసరికి దూది అంతా కిందికి జారుతది" అని, పెట్టె అడుగు నుండి తన పొడవాటి సూదిని తీశారు. పరుపుకు వేసినట్లే జానెడుకొక టాకా వేస్తూ నాలుగు రోజులలో ఆరింటినీ కుట్టారు. వణికే ఆ చేతులకు సూది తగలగానే నిలకడ వచ్చింది.

తగిలించే చోటును అద్దంతో కనుగొన్నాము. నాయన కుర్చీలో కూర్చున్నారు. మేము అద్దాన్ని గోడ వెంట జరిపాము. ఆయనకు అద్దంలో స్పీకరు కనిపించిన ప్రతి చోటా ఒక గుర్తు పెట్టాము. ధ్వని మొదట తిరిగివచ్చేది అక్కడి నుండే. మిగిలిన చట్రాలకు కుర్చీ వెనుక గోడ దక్కింది. ఒక్కొక్క చట్రం బరువు నాలుగు కిలోలకు మించదు. ఏటవాలుగా కోసిన చెక్క పట్టీలు రెండు తీసుకుని, ఒకటి గోడకు ప్లగ్గులతో, ఒకటి చట్రం వెనుక మరలతో బిగించాము. ఒకదానిపై ఒకటి కూర్చుంటే చాలు, బరువే బిగువవుతుంది. గోడకూ చట్రానికీ నడుమ రెండంగుళాల ఖాళీ ఉంచితే బరువైన ధ్వనులు కూడా కొంత తగ్గుతాయి. దూదికి నిప్పు భయం ఉంది కనుక స్విచ్ బోర్డులకు దూరంగా అమర్చాము.

సాబిన్ సూత్రం ప్రకారం, ఖాళీ గోడలు తాకిన ధ్వనిలో నూటికి అయిదు వంతులు, దూది ఎనభై వంతులు పీల్చుకుంటాయనుకుంటే, ఆ గదిలో మోత సుమారు 1.7 సెకన్ల నుండి 0.8 సెకనుకు దిగుతుంది. ఒక మాట మాత్రం మరువరాదు. ఇవి పొరుగింటికి శబ్దం పోకుండా ఆపవు. ఆ పని మందపాటి గోడలు, సందులేని తలుపులు చేయాలి. అయితే గది నిమ్మళించినందున మేమే శబ్దాన్ని సగానికి పైగా తగ్గించాము. స్వరం తగ్గించుకొమ్మని లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం చిన్ననాటి నుండి వింటున్నదే. దాన్ని ఆచరించాలంటే ముందు గదిని సిద్ధం చేయాలని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఫజర్ తర్వాత నాయన ఆ గదిలోనే కూర్చుంటున్నారు. నిన్న ఒకచోట ఆపమన్నారు. "ఇక్కడ మీ అమ్మ ఊపిరి తీసుకుంటది, విన్నరా?" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ క్యాసెట్టు మా వద్దనే ఉన్నది, మేమెన్నడూ వినలేదు. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు విన్నాము.