తెల్లబారిన గ్లాసు

నేను చేసిన తప్పొకటి మీతో చెప్పుకోవాలి.

తెనాలి దగ్గర కృష్ణా కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి నేను. దర్శి ప్రాంతపు సంఘానికి బదిలీ అయి వచ్చిన కొత్తలో, మిరపకోతల కాలంలో గృహదర్శనానికి వెళ్లాను. కూలికి వెళ్లి అప్పుడే వచ్చిన ఒక పెద్దమ్మ గాజు గ్లాసులో మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసుకు తెల్లని పొర. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాను. “కడిగిందేనయ్యగారూ” అంది ఆమె మెల్లగా. ఇంటికి వచ్చి, “ఈ ఊళ్లో శుభ్రత గురించి ఒక ప్రసంగం చెయ్యాలి” అన్నాను నా భార్యతో.

ఆ ప్రసంగం చెయ్యలేదు. మూడు నెలలు తిరక్కముందే మా ఇంటి గ్లాసులు, సంస్కారపు చిన్న గ్లాసులు కూడా అలాగే మసకబారాయి. నా భార్య బూడిద, ఇసుక వేసి తోమింది. పొర పోలేదు సరికదా, గీతలు పడ్డాయి.

సంఘంలోని సైన్సు మాస్టారు చెప్పారు: “అది మురికి కాదండీ, బోరునీటిలోని సున్నం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. చుక్క ఆరినప్పుడల్లా నీరు ఆవిరైపోయి అవి మిగులుతాయి. సబ్బు కలిస్తే తెట్టు కట్టి అదీ అంటుకుంటుంది. దీనికి పులుపే మందు.”

గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం పిండి గ్లాసుల్ని అరగంట నానబెట్టాం. వెనిగరైనా, చింతపండు పులుసైనా సరే. మెత్తని గుడ్డతో రుద్దితే పొర విడిపోయింది. గీతలు పడ్డవి మాత్రం అలాగే ఉండిపోయాయి. గాజే అరిగితే పులుపేం చేస్తుంది? మళ్లీ పొర పట్టకుండా ఉండాలంటే చివర వాననీటితోనో, సున్నం తక్కువగా ఉండే సాగర్ కాలువ నీటితోనో కడిగి, తడి ఆరేదాకా వదిలెయ్యకుండా వెంటనే పొడి నూలుగుడ్డతో తుడవాలి.

మాస్టారు ఇంకో మాట చెప్పారు: “ఈ తెల్లపొరతో ప్రాణభయం లేదు. మన ప్రాంతంలో భయపడాల్సింది ఫ్లోరైడ్‌కి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు, ఎముకలకు చేటు. అది కంటికి కనబడదు, మరగబెట్టినా పోదు. గ్లాసు తళతళలాడిందని నీళ్లు మంచివనుకోకండి, పరీక్ష చేయించండి.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. గ్లాసు చూసి నేను నీళ్లనే కాదు, మనిషినీ తూచాను.

మర్నాడు రెండు నిమ్మకాయలు పట్టుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్లి నీళ్లడిగాను. స్టీలు గ్లాసులో తెచ్చింది. “గాజుది ఏమైందమ్మా?” అన్నాను. “మీకివ్వడానికి సిగ్గేసి అటక మీద పెట్టానయ్యగారూ” అంది.

“తప్పు నాదమ్మా, క్షమించు” అన్నాను. ఆ గ్లాసే దింపించి, అందులోనే నిండుగా తాగాను. నిమ్మకాయల సంగతి ఆ తర్వాత చెప్పాను.