అతుకుల కారు పుట్టిన పేట

లండన్ వాటర్లూ స్టేషనులో రైలెక్కితే అరగంట లోపునే సర్బిటన్ వస్తుంది. 1930ల నాటి తెల్లని స్టేషను, వరుస ఇళ్ళు, ఇళ్ళ ముందు పూలమొక్కలు - ఉద్యోగస్థుల పేట. ఇక్కడ చూడదగినదేముంది అనిపిస్తుంది. మోటారు పందేల పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం దిగీ దిగగానే హాలీఫీల్డ్ రోడ్డు ఎటని అడుగుతారు.

ఈ పేటలో ఛార్లెస్ కూపర్‌కు మోటారు రిపేరు షెడ్డు ఉండేది. 1946లో, యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా రేషనులోనే ఉన్న రోజుల్లో, ఆయన కొడుకు జాన్, స్నేహితుడు ఎరిక్ బ్రాండన్ కలిసి చవకలో ఒక పందెం కారు తయారుచేసుకోవాలనుకున్నారు. రెండు ఫియట్ టోపొలీనో కార్లను కోసి, రెంటి ముందు భాగాలనూ వీపుకు వీపు చేర్చి వెల్డింగు చేశారు. ఆ కారు ముందు చక్రాలు గతుకుల్లో దేనికది విడిగా ఊగుతాయి. వెనక చక్రాలకూ ఆ గుణం రావాలని వారి ఎత్తు.

చిల్లుపడ్డ బిందెకు మాటు వేసినంత తేలిక కాదిది. అతికిన ఇనుము చల్లారుతూ ముడుచుకుని, చట్రాన్ని ఒక పక్కకు లాగేస్తుంది. అందుకే ముందు అక్కడక్కడ చుక్కల్లా అంటించి, కొలతలు సరిచూచి, అటు కాస్త ఇటు కాస్త నింపుకురావాలి. పైకి నున్నగా ఉన్న అతుకు లోపల అంటుకోకపోవచ్చు. ఆ సంగతి మలుపులో బయటపడితే నడిపేవాడి గతేమిటి?

మోటారు సైకిలు ఇంజనును నడిపేవాడి వెనక పెట్టారు. గొలుసుతో వెనక చక్రాలను తిప్పడానికి అదే వీలు. అంతకు మించి సిద్ధాంతమేమీ లేదు! 1948లో పద్దెనిమిదేళ్ళ స్టర్లింగ్ మాస్ ఈ రకం కారే కొన్నాడు. 1959, 1960లలో జాక్ బ్రాబమ్ ఇంజను వెనకనున్న కూపర్ కారుతోనే ప్రపంచ విజేత అయినాడు. 1961 వచ్చేసరికి ఫెరారీ కంపెనీ కూడా తన పందెం కారులో ఇంజనును వెనక్కి జరిపింది.