ఒక్కొక్క ఉత్తరమా, ఒక్క సంచా?

మన జిల్లా 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. 2025లో పేరు మళ్లీ మారి వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయింది. నడుమ 2022లో పులివెందుల రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. బోర్డు మీది పేరు మార్చడానికి పెయింటరుకు ఒక పూట చాలు. కంప్యూటరులోని లక్షల చిరునామాల్లో మార్చాలంటే? మీట నొక్కితే అయిపోతుందనుకుంటాం. కాదు సుమా!

ప్రొద్దుటూరులో ఒక కార్యాలయం వారు ఈ పనికి నన్ను పిలిచారు. వారి ప్రోగ్రాము రాత్రి మొదలైతే తెల్లవారినా ముగియలేదు. అది నడుస్తున్నంతసేపూ కౌంటరులో ఒక్క రికార్డు తెరుచుకోవడమే గగనం. జమ్మలమడుగు వైపు నుంచి మొదటి బస్సుకే వచ్చిన ఒక పెద్దాయన, "ఏం నాయనా, మళ్లా రేపు రమ్మంటావా? కూలి పోగొట్టుకొని వచ్చినా" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

నూరు ఉత్తరాలను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు చేర్చడానికి నూరుసార్లు బస్సెక్కేవాణ్ణి ఏమంటాం? ఆ ప్రోగ్రాము చేస్తున్నదీ అదే. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క ఆజ్ఞ, ప్రతిదాని వెనుక ఒక కమిట్. కమిట్ అంటే మార్పును డిస్కు మీది లాగ్‌లో రాసి, చేవ్రాలు పెట్టినట్టు ఖాయం చేయడం. పైగా వెతికే కాలమ్‌కు ఇండెక్సు లేదు. ఒక్క ఊరి కోసం పట్టికంతా మొదటినుంచి చదవాలి. డిస్కుకు అందులోనే ఊపిరాడకపోతే కౌంటరు ఎలా కదులుతుంది?

మేము చేసింది చిన్నపనే. గ్రామాల కోడ్లు, కొత్త డివిజన్, కొత్త జిల్లా పేరు ముందుగా ఒక తాత్కాలిక పట్టికలోకి ఎక్కించాం. గ్రామ కోడుకు ఇండెక్సు కట్టాం. రెండు పట్టికలనూ కలిపి, ఒక్కొక్క అప్‌డేట్‌కు ఐదు వేల వరుసల చొప్పున మార్చి, కట్టకొక కమిట్ పెట్టాం. అంతా ఒకే కట్టగా చేస్తే ఆ వరుసలన్నిటికీ అంతసేపూ తాళం పడుతుంది. నడుమ కరెంటు పోతే చేసిందంతా వెనక్కి పోతుంది. ఇప్పటికే కొత్త పేరున్న వరుసలను ముట్టుకోలేదు. కాఫీ తాగి వచ్చేసరికి పని ముగిసింది.

నిజానికి ఆ పాటి పని కూడా పడకుండా చూసుకోవచ్చు. ఇ.ఎఫ్. కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రకటించాడు. ఆ దారిలో వచ్చిన సూత్రమే ఇది: ఒక సంగతిని ఒక్కచోటే రాయి. జిల్లా పేరు జిల్లాల పట్టికలో ఒకసారి ఉండి, చిరునామాల్లో కోడు మాత్రమే ఉంటే, పేరు మారినప్పుడు దిద్దవలసింది ఒకే ఒక్క వరుస!

విద్యార్థి మిత్రులారా, రేపు మీరూ ఇలాంటి పట్టికలు గీస్తారు. గీసేటప్పుడు కౌంటరు ఇవతల నిలబడ్డ మనిషిని కూడా లెక్కలోకి తీసుకోండి. పోయిన కూలి దినాన్ని ఏ అప్‌డేట్‌తోనూ తిరిగి నింపలేం కదా!