మరుగు రాత్రులు

ఊటీ ఊరు దాటి ముత్తోరై వైపు వెళ్తుంటే ఒక కొండ వాలు మీద మా రేడియో టెలిస్కోపు కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళు సగం కట్టి వదిలేసిన రైలు వంతెన అనుకుంటారు. పొడవు 530 మీటర్లు, వెడల్పు 30. వరసగా 24 ఉక్కు చట్రాలు దోసిలి పట్టినట్టు ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. చూడవచ్చినవాళ్ళు కాసేపు అటూ ఇటూ తిరిగి, మొహమాటపడుతూ అడిగేవారు: "అద్దం ఎక్కడండీ?"

అద్దం వాళ్ళ ఎదురుగానే ఉండేది. 1,100 స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కపక్కనే లాగి కట్టినవి. ఒక్కో తీగ మందం 0.38 మిల్లీమీటరు. కాస్త దూరం నుంచి చూస్తే కంటికి ఆనదు. తీగకూ తీగకూ మధ్య ఉండే సందులో రెండు వేళ్ళు పట్టవు. మేం పట్టుకునే రేడియో తరంగం పొడవు 92 సెంటీమీటర్లు కాబట్టి దానికి ఆ సందులు సందులే కావు, గట్టి గోడ. కన్ను దాటిపోయే చోట తరంగం దాటలేదని సందర్శకులకు చెప్పీ చెప్పీ నాకు నోటికి వచ్చేసింది.

1974 చలికాలంలో డిప్లొమా కాగితం చేత్తో పట్టుకుని చిత్తూరు జిల్లా నుంచి అక్కడికి వెళ్ళాను. మేట్టుపాళయంలో చిన్న రైలెక్కినప్పుడు ఒంటి మీద ఉన్నది పొట్టి చేతుల చొక్కా. దిగేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి. టెలిస్కోపు పని మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్ళే. 1970లో పూర్తయింది. దాని వెనకాల కథ పెద్దవాళ్ళు టీ తాగుతూ చెప్పేవారు. 1961లో విదేశాల్లో పనిచేస్తున్న నలుగురు భారతీయ ఖగోళ శాస్త్రవేత్తలు హోమీ భాభాకు ఉత్తరం రాయడం, ఆయన వెంటనే రమ్మనడం, వాళ్ళలో గోవింద్ స్వరూప్ వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పనికి పునాది వేయడం. ఆస్ట్రేలియా ఇచ్చిన 32 చిన్న డిష్‌లను ముంబయి దగ్గర కల్యాణ్‌లో నిలబెట్టి పని నేర్చుకున్నారు. 1965లో అది పనిచేసింది. ఆ తర్వాత ఊటీ. నేను చేరేనాటికే కల్యాణ్ అనేది కథల్లో ఊరైపోయింది.

ఈ కొండే ఎందుకని నేనూ అడిగాను. ఊటీ అక్షాంశం 11 డిగ్రీల చిల్లర. ఈ కొండ వాలు కూడా ఉత్తర దక్షిణాలుగా అంతే. ఆ వాలు మీద పొడుగ్గా పరిచిన టెలిస్కోపు నడుము భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. భూమి ఒక వైపు తిరుగుతుంటే ఇది అంతే వేగంతో రెండో వైపు దొర్లుతుంది. అంతే, ఆకాశంలో ఒక చుక్కను తొమ్మిదిన్నర గంటలపాటు విడవకుండా పట్టుకోవచ్చు. మనిషి కొండను చదును చేయలేదు, ఉన్న కొండకు తగ్గట్టు యంత్రాన్ని చేశాడు. మా ఊళ్ళో చెరువు గట్టు వేసేవాళ్ళు కూడా ముందు వాలే చూసేవారు, అందుకని నాకది వెంటనే అర్థమైంది.

నాకు పని నేర్పినాయన కోయంబత్తూరు వైపు నాయుడు. ఆ వైపు నాయుళ్ళు తరాల కిందట తమిళదేశం చేరిన తెలుగువాళ్ళు. మాటలు మనవే, రాగం మాత్రం తమిళం. మేస్త్రీ అని పిలిచేవాళ్ళం. చేరిన మొదటి వారంలోనే తెల్లవారకముందు లేపి బయటికి తీసుకెళ్ళాడు. గడ్డంతా మంచు పేరుకుని తెల్లగా ఉంది. ఆ పూట నాకు అద్దం మొదటిసారి కనబడింది. తీగల మీద పట్టిన మంచు కరిగి బొట్లు బొట్లుగా నిలిచింది. ఎండ తగలగానే 1,100 తీగలూ ఒక్కసారిగా గీతలు గీసినట్టు తేలాయి.

"తీగని చూడొద్దప్పా, బొట్టుని చూడు" అన్నాడు మేస్త్రీ. బిగువుగా ఉన్న తీగ మీద బొట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. సడలిన తీగ మధ్యలో చిన్న కుంగు పడుతుంది. బొట్లన్నీ జారి అక్కడికి చేరి, ఒకటిగా కలిసి, బరువెక్కి రాలుతాయి. ఆ రాలే చోటు గుర్తుపెట్టుకుని చట్రం నంబరు పుస్తకంలో రాసుకోవాలి. తొమ్మిది దాటితే బొట్లు ఆరిపోతాయి, అద్దం మళ్ళీ మాయమవుతుంది. కొలిచే సాధనాలు లేక కాదు. సాధనం పట్టుకుని 1,100 తీగల వెంట తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కేసుకోండి.

తీగలు ఒక ఎత్తు, డైపోల్స్ ఒక ఎత్తు. తీగల మీద పడిన తరంగాలన్నీ వచ్చి చేరే గీత వెంబడి అర మీటరుకొకటి చొప్పున 1,056 డైపోల్స్, ఆ తరంగాలను అందుకునే చిన్న యాంటెన్నాలు. వాటిని 48 చొప్పున 22 మాడ్యూళ్ళుగా విడదీశారు. ఉత్తరం వైపు పదకొండు, దక్షిణం వైపు పదకొండు. మాకు అవి ఊళ్ళో వీధుల్లాంటివి. "ఎన్-సెవెన్‌లో ఏదో గొడవ", "ఎస్-త్రీ నిన్న బాగుచేశాం, మళ్ళీ పడుకుంది" అనుకునేవాళ్ళం. తూర్పు నుంచి పడమరకు తిరగాలంటే చట్రాలన్నీ కలిసి దొర్లుతాయి. ఉత్తర దక్షిణాలకు చూపు మళ్ళించాలంటే ఇనుము కదలదు. ఒక్కో డైపోల్ నుంచి వచ్చే సంకేతాన్ని కొంచెం ముందూ వెనకా చేసి కలిపితే చాలు, చూపు వంగుతుంది. కదలనిది కాబట్టి అరగదు అని మేమనుకున్నాం. నీలగిరి తేమ వేరేలా అనుకుంది. కేబుల్ జాయింటులో చెమ్మ చేరితే చాలు, 48 మందిలో ఒకడు అపస్వరం పలికేవాడు. అది ఎవడో పట్టుకోవడానికి ఒక్కోసారి వారం పట్టేది.

ఇంత శ్రమా దేనికి? చంద్రుడి కోసం.

ఇప్పటి పిల్లలకు ఇది విడమరిచి చెప్పాలి. ఆకాశంలో దూరంగా ఉన్న రేడియో మూలాలు చాలా చిన్నగా ఉంటాయి. ఒక్క టెలిస్కోపుతో వాటి ఆకారం విడదీసి చూడాలంటే అది కిలోమీటర్ల కొద్దీ ఉండాలి. అంత పెద్దది కట్టలేం. కానీ చంద్రుడు నెలనెలా ఆకాశం చుట్టి వస్తూ, దారిలో ఉన్న మూలాలను ఒక్కొక్కటిగా కప్పేసుకుంటూ పోతాడు. ఇరవై ఏడు నక్షత్రాల ఇంటికీ వెళ్ళి రోహిణి దగ్గర ఆగిపోతాడని మనవాళ్ళు కథ చెప్పుకున్నది ఈ దారి గురించే. చంద్రుడి అంచు మూలం మీదికి వచ్చిన క్షణంలో సంకేతం తగ్గడం మొదలవుతుంది. ఎంత సేపట్లో తగ్గింది, ఒక్కసారిగానా మెట్లు మెట్లుగానా, ఎన్ని వణుకులు వణికింది అన్నది చూస్తే మూలం ఎంత ఉందో, ఒకటో రెండో, ఎక్కడుందో తెలిసిపోతుంది. చంద్రుడి అంచునే కత్తిగా వాడుకోవడమన్నమాట. శాస్త్రవేత్తలు దాన్ని లూనార్ ఆకల్టేషన్ అనేవారు. మేస్త్రీ మాత్రం "మరుగు" అనేవాడు. "ఈ రాత్రి మూడు మరుగులున్నాయి" అంటే డ్యూటీ గదిలో ఎవరూ నిద్రపోరని అర్థం.

మరుగుల పట్టిక ముందే వచ్చేది. దాన్ని మేం పంచాంగం అనే పిలిచేవాళ్ళం. ఏ తేదీన, ఏ నిమిషానికి, ఏ మూలం చంద్రుడి చాటుకు పోతుంది, ఎప్పుడు బయటికొస్తుంది అన్నీ అందులో ఉండేవి. మబ్బు పట్టినా, వాన కురిసినా మాకు అడ్డం లేదు. ఆషాఢంలో పక్క మనిషి మొహం కనబడనంత పొగమంచు కమ్మినా చంద్రుడి అంచు మాకు అందేది. భయమల్లా కింద రోడ్డు మీద పోయే మోటారు సైకిలంటేనే. దాని ప్లగ్గులో పుట్టే నిప్పురవ్వ కూడా రేడియో తరంగమే. కోట్ల ఏళ్ళ దూరం నుంచి వచ్చిన దాని కంటే అది వేల రెట్లు గట్టిగా అరుస్తుంది.

చార్ట్ రికార్డరు గురించి చెప్పకపోతే ఈ రాత ఎందుకూ కొరగాదు. గళ్ళ కాగితం చుట్ట నెమ్మదిగా విప్పుకుంటూ పోతుంది. దాని మీద సిరా పెన్ను సన్నగా వణుకుతూ గీత గీస్తుంటుంది. గదిలో ఆ కాగితం జరిగే గరగర తప్ప చప్పుడుండదు. నిమిషం దగ్గరపడుతుంటే అందరూ లేచి కాగితం చుట్టూ నిలబడేవారు. పెద్ద సార్లూ మేమూ అని తేడా ఉండేది కాదు, తలలు తలలకు తగిలేవి. పెన్ను ఉన్నట్టుండి కిందికి జారేది. కొన్నిసార్లు సగం దిగి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ దిగేది. అప్పుడు ఎవరో ఒకరు నెమ్మదిగా "రెండు" అనేవారు. అంటే మూలం ఒకటి కాదు, పక్కపక్కన రెండు ముద్దలు. ఆ మాట విన్నప్పుడు, మనుషుల్లో మొదట తెలుసుకున్నది మనమే అన్న ఎరుక అందరికీ ఉండేది. ఎవరూ బయటికి అనేవారు కాదు. చంద్రుడు దాన్ని దాటడానికి గంట దాకా పడుతుంది, ఆ లోపు టీ.

1977 మేలో ఒక రాత్రి నా డ్యూటీ. మూలం చాటుకు పోయేటప్పుడు కింద ఏదో లారీ ఆగి మొరాయిస్తోంది, కాగితమంతా గజిబిజి. సరే, బయటికొచ్చేటప్పుడు పట్టుకుందాం అనుకున్నాం. నిమిషం వచ్చింది. సూది కదిలింది. కాగితం మీద మాత్రం గీత లేదు. పెన్ను చివర సిరా ఎండిపోయింది. గంట కిందట తుడిచి చూడాల్సిన పని నాది, నేను చూడలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు మేస్త్రీ పంచాంగం తెచ్చి నా ముందు పెట్టాడు. చంద్రుడి దారి ఒకేలా ఉండదు, కొంచెం కొంచెంగా పక్కకు జరుగుతూ పోతుంది. ఒక మూలం కొన్ని నెలలు వరసగా మరుగవుతుంది, ఆ తర్వాత దారి తప్పిపోతుంది. దారి చుట్టు తిరిగి అక్కడికే రావడానికి 18.6 ఏళ్ళు. నేను పోగొట్టింది ఆ వరసలో మాకు అందే ఆఖరుది.

మేం అలా గీసిన గీతలు ఎన్నో వందలు. వాటిని కొలిచి, 1975లో స్వరూప్, విజయ్ కపాహీ ఒక మాట తేల్చారు. మసకగా ఉన్న మూలాలు, అంటే సాధారణంగా మరీ దూరానివి, పరిమాణంలో చిన్నగా కనబడుతున్నాయి. విశ్వం ఎప్పుడూ ఇలాగే ఉందనే వాదానికి ఇది పొసగదు. ఒకప్పుడు వేరుగా ఉండి, మారుతూ వచ్చిందనే మహా విస్ఫోట వాదానికి పొసగుతుంది. ఇంత మాట ఆ సిరా పెన్ను గీతల్లోంచే వచ్చిందంటే మా అమ్మ నమ్మలేదు. "చంద్రుణ్ణి అడ్డం పెట్టుకుని చూశారా?" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మరుగులు ఎప్పుడు ఆగిపోయాయో తేదీ చెప్పలేను. ఇలాంటివి ఒక రోజున ఆగవు. 1980ల్లో చుట్టుపక్కల కొండల మీద నాలుగు కిలోమీటర్ల దూరం దాకా చిన్న యాంటెన్నాలు పెట్టి, పెద్దదానితో కలిపి, ఆకాశాన్ని బొమ్మలుగా తీయడం మొదలైంది. చంద్రుడు వచ్చేదాకా ఆగక్కరలేదు, ఎటు కావాలంటే అటు చూడొచ్చు. డ్యూటీ గదిలో పంచాంగం పక్కకు జరిగింది. ఆ పని చేసినవాళ్ళలో చాలామంది తర్వాత పుణె దారి పట్టారు. నారాయణగావ్ దగ్గర ఖోడద్ చుట్టుపక్కల 45 మీటర్ల డిష్‌లు 30 లేచాయి. వాటికీ అద్దం స్థానంలో తీగల వలే, చట్రానికి బదులు లాగి కట్టిన తాళ్ళే. అందులో ఊటీ పాఠం ఉందని మాకు తెలుసు. మా కొండల మీది చిన్న యాంటెన్నాలు మాత్రం ఒక్కొక్కటే మూగబోయాయి.

1992లో పెద్దదానికి డైపోల్స్ అన్నీ మార్చారు. ప్రతి డైపోల్ వెనకా దాని సొంత యాంప్లిఫయర్. సున్నితం మూడు రెట్ల పైన పెరిగింది. సూర్యుడి నుంచి వీచే గాలిని, పల్సర్ల టిక్కుటిక్కులను వినే పనిలో అది ఇవాళ్టికీ ఉంది. దేనికోసం కట్టారో ఆ పని ఇరవై ఏళ్ళు కూడా సరిగా లేదు. ఆ తర్వాత కూడా అది బతికిందంటే కారణం పొద్దున్నే బొట్లు చూసినవాళ్ళు, చెమ్మ తుడిచినవాళ్ళు, ఉక్కుకు రంగు వేసినవాళ్ళు. యంత్రం బాగుంటే ఎప్పుడూ ఏదో ఒక పని దొరుకుతుంది. పాడుపెడితే ఎంత గొప్ప పనైనా దాన్ని నిలబెట్టదు.

రిటైరయ్యాక ఒకసారి వెళ్ళి చూశాను. చార్ట్ రికార్డరు లేదు, సిరా బుడ్డి లేదు, పంచాంగం లేదు. గీతలన్నీ తెరల మీదే. మేస్త్రీ పోయి చాలాకాలమైంది. ఊరి అవతల 'ఇందు' ఫోటో ఫిల్ములు తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. ముత్తోరైలో బంగాళాదుంప పరిశోధన కేంద్రం ఉంది, పొగమంచు ఉంది.

1977 మేలో నేను పోగొట్టిన మరుగు, 18.6 ఏళ్ళ లెక్కన, 1995 డిసెంబరు ప్రాంతంలో తిరిగి వచ్చే ఉంటుంది. నేనప్పుడు డ్యూటీలోనే ఉన్నాను. టెలిస్కోపు బాగానే ఉంది, తీగలు బిగువుగానే ఉన్నాయి. ఆ నెలంతా అది వేరే వైపు చూస్తోంది.