"నిద్రించారు" అంటే బిడ్డకు ఏమి వినబడుతుంది?

మన సంఘాలలో ఎవరైనా మరణిస్తే "ప్రభువునందు నిద్రించారు" అంటాము. జ్ఞాపకార్థ కూడిక పత్రికల మీద, సమాధి రాళ్ళ మీద అదే మాట వ్రాయిస్తాము. పెద్దలకు అది ఆదరణకరమైన మాట. పునరుత్థానపు ఉదయమున్నదని వారికి తెలుసు. కానీ చిన్నబిడ్డలు ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగానే తీసుకుంటారు.

2021 మే నెలలో, కరోనా రెండవసారి విరుచుకుపడిన రోజులలో, వెంకటాచలం మండలంలోని ఒక పల్లెలో లారీ తోలుకునే విశ్వాసి ఒకరు మరణించారు. నెల్లూరులో ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి మరల ఇంటికి రాలేదు. భయము చేత ఖననానికి నలుగురే వెళ్ళారు. ఐదేండ్ల కొడుకుకు మొదట "నాయన ఊరికి పోయినాడు" అన్నారు. తరువాత కూడికలో "నిద్రించారు" అన్న మాట వాడి చెవిన పడింది. ఆ రాత్రి మొదలు వాడు నిద్రపోడు, తల్లినీ నిద్రపోనివ్వడు. కునుకు పడితే చాలు, చెంపలు తట్టి లేపుతాడు. గాలి సోకిందని కొందరు అన్నారు. మేము వెళ్ళి వాడి పక్కన చాప మీద కూర్చుంటే చాలాసేపటికి అడిగాడు: "అయ్యగారూ, అమ్మ గూడా నిద్రపోతే లేవదా?"

హంగేరీ దేశములో మరియా నాజీ అనే ఆమె పిల్లలను చావు గురించి అడిగి తెలుసుకున్న సంగతులను 1948లో ప్రకటించింది. మూడు మొదలు ఐదేండ్ల పసివారు చావును ఒక ప్రయాణంగానో, నిద్రగానో, తిరిగి రాగల స్థితిగానో తలస్తారట. అందరికీ చావున్నదనీ, పోయినవారు తిరిగి రారనీ గ్రహించేది సుమారు తొమ్మిదేండ్లకు. ఊరికి పోయాడనీ నిద్రించాడనీ చెప్పి, వారి పొరపాటు తలంపునే మనము బలపరుస్తున్నాము గదా!

తల్లి ఎదుటనే వాడికి తేటగా చెప్పాము. "నాయన చనిపోయాడు అబ్బయ్యా. ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి లేదు, ఆకలి లేదు, నొప్పి లేదు. నిద్ర వేరు. అమ్మ నిద్రపోతే పొద్దున్నే లేస్తుంది." వాడు కాసేపు ఆలోచించి, "జొరం నేను అంటించినానా?" అన్నాడు. వాడికే మొదట దగ్గు వచ్చిందట. ఆ మాటకు తల్లి భోరున ఏడ్చింది. అంత చిన్న గుండె మూడు వారాలు మోసిన భారము అది! కాదని, అందులో నీ తప్పు ఏమీ లేదని, ఆ రోజు ఒకసారి, ఆ తరువాత అనేకసార్లు చెప్పవలసి వచ్చింది. పరలోక నిరీక్షణను గూర్చి కూడా చెప్పాము గాని, ముందు ఇది చెప్పి తరువాత అది చెప్పాము.

ఆ ఏడు తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన బిడ్డలకు మన రాష్ట్ర ప్రభుత్వము 10 లక్షల రూపాయల డిపాజిట్టు ప్రకటించింది. మంచిదే. కానీ బిడ్డతో కూర్చుని మాట్లాడే పని ఏ ఆఫీసు చేస్తుంది?

"దేవునికి కావలసి తీసుకున్నాడు" అని కూడా అనవద్దు. తండ్రిని తీసుకుపోయిన దేవుని ఏ బిడ్డ ప్రేమిస్తాడు? ఇక "మగబిడ్డవు, ఏడవకూడదు, ఇంటికి నీవే పెద్దదిక్కు" అని తొమ్మిదేండ్ల వాడి నెత్తిన సంసారమంతా పెట్టే మాట వింటే మాకు కోపమే వస్తుంది. యోహాను సువార్త 11వ అధ్యాయము చూడండి. లాజరును కాసేపటిలో లేపబోతున్నానని ఎరిగియుండి కూడా యేసు ప్రభువు కన్నీరు విడిచాడు. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఏడు దినములు అతనితో నేల మీద కూర్చున్నారు; వారు చేసిన మంచి పని అదొక్కటే. మన పల్లెల్లో ముసలమ్మలు పోయినవారి మంచితనము చెప్పుకుంటూ శోకాలు పెడతారు. దానిని అవిశ్వాసమని కొందరు బోధకులు ఖండిస్తారు. మేము ఖండించము.

బిడ్డల దుఃఖము పెద్దల దుఃఖము వంటిది కాదు. ఇప్పుడు ఏడ్చి, ఇంకాసేపటికి గోలీలాడుకుంటారు. ప్రేమలేక కాదు, అంత దుఃఖము ఒక్కసారి మోయలేక. కొందరికి కడుపునొప్పి వస్తుంది, కొందరు పక్క తడుపుతారు, కొందరు బడిలో తోటిపిల్లలను కొడతారు. అటువంటప్పుడు బెత్తము వద్దు. వేళకు అన్నము, వేళకు నిద్ర, వేళకు బడి జరుగుతుంటే ఇల్లు నిలిచే ఉన్నదని బిడ్డకు ధైర్యము కలుగుతుంది. పోయినవారి ఫోటో దాచవద్దు, వారి పేరెత్తడం మానవద్దు. నెలల తరబడి బిడ్డ తినక, ఎవరితోనూ కలవక ఉన్నా, తానూ చచ్చిపోవాలని అన్నా ఆలస్యము చేయక డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే రాత్రింబగళ్ళు ఉచితముగా మాట్లాడతారు. డాక్టరు దగ్గరకు పోతే ప్రార్థన మానినట్టు కాదు.

బిడ్డను సమాధి కార్యక్రమానికి తీసుకురావచ్చునా అని తల్లులు తరచుగా అడుగుతారు. అక్కడ ఏమి కనబడుతుందో, ఎవరు ఏడుస్తారో, పెట్టెను ఎక్కడ దించుతారో ముందుగా చెప్పి, వస్తావా అని అడగండి. రానంటే బలవంతము వద్దు. వస్తే, చేయి విడువని మనిషి ఒకరు పక్కన ఉండాలి. తానూ పిడికెడు మన్ను వేస్తానంటే వేయనివ్వండి.