ఒకే తలుపు

అది 2024 జూన్ మొదటివారం. అమెరికా మధ్యపశ్చిమంలో ఓ చిన్న ఊరు. రాత్రి భోజనాలయ్యాయి. వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్ ముందు ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. అరగంట నుంచీ తెరమీద ఒకే చోట చూస్తోంది. అక్కడున్నవి రెండే మాటలు... 'ఎర్లీ డెసిషన్'. ఎంచుకుంటే ఒక దారి, వదిలేస్తే మరో దారి.

మనకి డాక్టరు చదువంటే నీట్ ర్యాంకు, ఆపైన కౌన్సెలింగ్. అక్కడ అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ. ఎంక్యాట్ అనే పరీక్ష. మార్కులతోపాటు ఆసుపత్రుల్లో చేసిన సేవ, పరిశోధన, సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ... అన్నీ చూస్తారు. చాలా ఎం.డి. కాలేజీలకు యామ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. డబ్బు కట్టుకోగలిగితే ఎన్ని కాలేజీలకైనా పంపుకోవచ్చు. అయినా ఏటా దరఖాస్తు చేసినవాళ్లలో సగంకంటే ఎక్కువమందికి సీటు దక్కదు.

ఎర్లీ డెసిషన్ పద్ధతి వేరు. కొన్ని కాలేజీల్లోనే ఉంటుంది. ఆగస్టు 1లోగా ఒకే ఒక్క కాలేజీకి దరఖాస్తు చేయాలి. అక్టోబరు 1కల్లా జవాబు వస్తుంది. సీటిస్తే అక్కడే చేరాలి. ఇంకెక్కడ స్కాలర్‌షిప్ ఇస్తారో బేరీజు వేసుకునే వీలుండదు. కాదంటే మాత్రం అప్పుడు మిగతా కాలేజీలవైపు పరుగెత్తాలి. ఆపాటికి చాలాచోట్ల ఇంటర్వ్యూ పిలుపులు మొదలై ఉంటాయి. వచ్చిన దరఖాస్తును వచ్చినట్టే చూసే కాలేజీల్లో ఆలస్యంగా వెళ్లినవాళ్లది చివరి వరసే!

ఆ అమ్మాయి ఎంక్యాట్ స్కోరు 528కి 511. కొన్నేళ్లుగా సీటొచ్చినవాళ్ల సగటూ ఆ దరిదాపుల్లోనే ఉంటోంది. అంటే ధీమాగా ఉండలేదు, అలాగని ఆశ వదులుకోనూలేదు. ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఓ మెడికల్ కాలేజీ ఉంది. అందులో ఎర్లీ డెసిషన్ ఉంది.

"అక్కడైతే శనివారం శనివారం ఇంటికొచ్చేస్తుంది" అంది అమ్మ గిన్నెలు సర్దుతూ.

"ఇంకా ఆలోచన దేనికి తల్లీ? పెట్టెయ్" అన్నాడు నాన్న.

ఆయన మామూలుగా అంత తొందరపడే మనిషి కాదు. మందుల షాపులో ఫార్మసిస్టు. ప్రతి చీటీ రెండుసార్లు చదివే అలవాటు. మరి ఈ విషయంలో ఎందుకింత కంగారు? కూతురు అదే అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు.

1990లో ఆయనకి ఎంసెట్‌లో డెంటల్ సీటొచ్చింది. ఎంబీబీఎస్‌కి కొద్దిలో తప్పింది. 'మళ్లీ రాస్తే వచ్చేస్తుంది' అనుకుని వదిలేశాడు. గుంటూరులో గదిలో ఉండి ఏడాదంతా కోచింగ్ తీసుకున్నాడు. మరుసటేడు ర్యాంకు ఇంకా కిందికి పోయింది. ఎంబీబీఎస్సూ లేదు, డెంటలూ లేదు. తాతయ్య ఒక్క మాట కూడా అనలేదట. అదే ఆయనకి ఎక్కువ బాధ.

"చేతికందిందాన్ని కాదనుకున్నాను. నువ్వలా చేయకు" అన్నాడు.

ఆ రాత్రి అమ్మాయికి నిద్రపట్టలేదు. నాన్న చెప్పింది మాటిమాటికీ గుర్తొచ్చింది. మర్నాడు కాలేజీలో సలహాదారు దగ్గరికి వెళ్లింది. మార్కులు అటూఇటుగా ఉన్నవాళ్లకి అది అడ్డదారి కాదని ఆవిడ చెప్పింది. ఆ కాలేజీకి గట్టి అభ్యర్థులై, అక్కడే చదవడానికి బలమైన కారణం ఉన్నవాళ్లకే అది నప్పుతుందట. చివర్లో ఓ ప్రశ్న కూడా వేసింది.

"నీకు ఆ కాలేజీ కావాలా? లేక ఈ ఎదురుచూపు త్వరగా అయిపోవడం కావాలా?"

అమ్మాయి దగ్గర వెంటనే జవాబు లేదు. లేకపోవడమే జవాబని కారెక్కాక తెలిసింది.

సాయంత్రం నాన్న పక్కన కూర్చుంది. "నాన్నా, నీకు డెంటల్ సీటు నిజంగా వచ్చింది. నాకింకా ఏదీ రాలేదు కదా! ఇది సీటు కాదు. ఒకే తలుపు కొడతాను, మిగతావాటి జోలికి పోనని మాటివ్వడం. ఆ తలుపు తెరవకపోతే?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను వదులుకున్నది సీటు. నిన్ను వదులుకోమంటున్నది అవకాశాలు... రెండూ ఒకటే అనుకున్నాను" అన్నాడు. లేచి వెళ్లి కాగితం, పెన్నూ తెచ్చాడు. "ఏయే కాలేజీలు చెప్పు... రాసుకుందాం."

పద్దెనిమిది పేర్లు తేలాయి. మొదటి పేరు ఇంటి దగ్గరి కాలేజీదే. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ పేరుకింద గీత గీసింది!

మామూలు పద్ధతిలో కాలేజీలు సీట్లు ఇవ్వడం అక్టోబరు 15 తర్వాతే మొదలవుతుంది. ఆ తేదీ వచ్చింది, పోయింది. నవంబరు, డిసెంబరు కూడా అంతే. నాలుగు ఇంటర్వ్యూలు, పది తిరస్కారాలు. ఇంటి దగ్గరి కాలేజీ వెయిటింగ్ లిస్టులో పెట్టింది. జనవరిలో ఒక ఫోనొచ్చింది... ఆరు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న కాలేజీ నుంచి. సీటిచ్చారు.

2025 ఆగస్టులో నాన్నే కారు నడిపి దింపాడు. వెనక సీట్లో అమ్మ పెట్టిన గోంగూర సీసాలు. ఆ గీత గీసిన కాలేజీ బోర్డు దారిలోనే వచ్చింది. ఎర్లీ డెసిషన్ పెట్టి ఉంటే అక్కడ సీటొచ్చేదా? లేక ఏడాదే పోయేదా? అమ్మాయి అటు చూసింది. నాన్నా చూశాడు. ఇద్దరికీ అదే ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

"టీ తాగుదామా?" అన్నాడు నాన్న, ఆ బోర్డు దాటాక.